చాపకూడు తిన్న సీమలో పొలం ఎవరిది?

పల్నాటి సీమలో కులం ఊసెత్తితే ముందు వచ్చే పేరు బ్రహ్మనాయుడిది. పన్నెండో శతాబ్దంలోనే అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం తినిపించాడనీ, మాల కన్నమదాసును కొడుకులా చేరదీసి దళపతిని చేశాడనీ పిడుగురాళ్ల నుంచి మాచర్ల దాకా ఎవరినడిగినా చెబుతారు. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఒక్కో రోజుకు ఒక్కో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు ఇప్పటికీ పెడతారు. వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొచ్చిన ఆచారవంతులు పక్కపక్కన కూర్చుని తింటారు.

ఈ పల్నాటి వీరుల కథను కావ్యం చేసిన కీర్తి శ్రీనాథుడికి దక్కింది. ఊరూరా తిరిగి పాడి, చదువురాని జనం నోట దాన్ని బతికించింది మాత్రం వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. పంక్తిభోజనం గురించి తరతరాలు పాడినవాళ్లే ఊరి బావిలో చేద వేయలేకపోయారు. చాపకూడంటే నాకు గౌరవమే. కానీ ఆ చాప మీంచి లేచాక ఎవరు ఎవరి పొలానికి వెళ్లారు, పంట ఎవరి గాదెలో పడింది అన్న సంగతి కథలో పెద్దగా వినపడదు. కోడిపందెం ఉంది, రాజ్యభాగం తగవు ఉంది, భూమి పంపకం లేదు. పల్నాడులో హెచ్చుతగ్గుల చరిత్రను అన్నం వైపు నుంచి కంటే పొలం వైపు నుంచి చూస్తేనే తేటపడుతుంది.

తెల్లవాళ్ల హయాంలో రైతువారీ వచ్చాక, పట్టా ఎవరి పేర ఉంటే సర్కారు లెక్కలో వాడే రైతు. అరక దున్నే పాలేరు ఆ లెక్కలోకి రాలేదు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ తర్వాత గురజాలకూ వచ్చాడు. మాలమాదిగ పల్లెలకు బడి వచ్చింది, పలక వచ్చింది. సెంటు భూమి రాలేదు. పైగా క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఎస్సీ హోదా కూడా లేకుండా పోయింది.

1921లో అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టమని సర్కారు ఒత్తిడి పెంచితే పల్నాడు తిరగబడింది. వచ్చిన అధికారులకు ఊళ్లలో తిండి పుట్టలేదు, చాకలి, మంగలి పనులు ఆగిపోయాయి. మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలయ్యాడు. ఆ పోరాటాన్ని తక్కువ చేయలేం. అయితే ఊరంతా ఏకమై ఒకరికి నిప్పూ నీళ్లూ ఆపేయడం పల్లెలకు కొత్తగా అబ్బిన విద్య కాదు. దాని దెబ్బ ఎలా ఉంటుందో పల్లె చివర వాడలకు అంతకుముందే తెలుసు. 1991లో చుండూరులో దళితుల మీద అదే ఆయుధం, వెలి, మళ్లీ బయటికి వచ్చింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. ఆ ఊళ్లోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరుకు ఆరేళ్ల ముందు, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలు హతమయ్యారు. మంచినీళ్ల చెరువులో గేదెల కుడితి బకెట్ కడగొద్దన్నదే వాళ్ల వాడ చేసిన నేరం. రెండూ పల్నాడు కంటే ముందే కృష్ణా నీళ్లు చూసిన, వరి డబ్బు చేరిన ఊళ్లు.

పల్నాడుకు ఆ నీళ్లు నాగార్జునసాగర్ కుడికాలువ మీద వచ్చాయి. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. జొన్న పండిన చేలు పత్తికీ మిరపకూ మళ్లాయి. డెల్టా రైతులు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ నాలుగు కొన్నారు. పట్టా ఉన్నవాడి భూమికి విలువ పెరిగింది, లేనివాడికి కూలి దినాలు పెరిగాయి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు మరో దారి చూపాయి. సున్నపురాయీ బొగ్గూ వరస మీద వరస పేర్చి కాలుస్తారు. దించేటప్పుడు ఆ పొడి చెమట ఒంటి మీద పడితే చర్మం బొబ్బలెక్కుతుంది. మొహానికి గుడ్డ చుట్టుకుని గంప ఎత్తేది ఎవరో, బట్టీ ఎవరి పేర ఉందో అడిగితే పాత పట్టా లెక్కే చాలామటుకు తిరిగి వస్తుంది.

ఇప్పుడు మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు దిగుతాయి. పిల్లలతో సహా చేను గట్టున టార్పాలిన్లు కప్పుకుని ఉంటారు, కాయ కోసి కిలోల లెక్కన కూలి తీసుకుంటారు. వాళ్లకు పని ఇచ్చే రైతు కూడా చాలాచోట్ల కౌలుదారే. విత్తనం పడకముందే కౌలు ముట్టజెప్పి, పురుగుమందు దుకాణంలో అప్పు పెడతాడు. తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ పురుగుమందే తాగారు.

2011లో కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. బ్యాంకులు పట్టాదారు పాసుపుస్తకం వైపే చూశాయి. 2019 చట్టంలో పదకొండు నెలల సాగు హక్కు కార్డు ఇస్తామన్నారు, దానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. రేపు భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుందని కౌలుదారూ అడగడు.