సంజీవని నేర్పిన బడి

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఫైళ్లలో జిన్నారం పేరు ఉంది. ‘ఐడీఏ బొల్లారం, జిన్నారం మండలం, మెదక్ జిల్లా’ అని ఫ్యాక్టరీ చిరునామాల్లో రాసి ఉంటుంది. 2016 అక్టోబరులో మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లా విడిపోయినా పాత కాగితాల మీద మెదక్ మెదక్‌గానే నిలిచిపోయింది. బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. ఈ పేర్లు పలకడానికి నోరు తిరగని దేశాల్లో కూడా జనం పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటున్నారంటే, అందులోని అసలు మందు ఈ ఊళ్ల రియాక్టర్లలో ఉడికినదయ్యే అవకాశం బాగానే ఉంది.

చెరువుల కింద వరి, చెలకల్లో జొన్న పండించుకున్న ప్రాంతానికి ఈ విద్య ఎక్కడిది? జవాబు జిన్నారంలో దొరకదు. హైదరాబాద్ వైపు వెళ్లి బాలానగర్‌లో వెతకాలి. అక్కడ ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ ఉండేది. జనం నోట్లో ఐడీపీఎల్. కంపెనీ పోయింది, బస్సు స్టాపుకు పేరు మిగిలింది.

1960 ప్రాంతంలో అమెరికా సెనేటర్ ఎస్టిస్ కెఫావర్ నడిపిన విచారణ సంఘం మందుల ధరలను దేశదేశాల మధ్య పోల్చి చూసి, అత్యధిక ధరలున్న దేశాల్లో భారతదేశం ఒకటని తేల్చింది. పేద దేశంలో ఖరీదైన మందు. ఇక్కడ తయారయ్యేది తక్కువ, బయటి నుంచి తెచ్చి డబ్బాల్లో నింపి అమ్మేది ఎక్కువ. ఆ పరిస్థితికి విరుగుడుగా 1961లో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ పుట్టింది. ఋషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్‌లో సింథటిక్ డ్రగ్స్. లాభం కోసం పెట్టిన కంపెనీ కాదది. అందుకే బతికింది, అందుకే పోయింది కూడా.

హైదరాబాద్ ప్లాంటులో సల్ఫా మందులు, అనాల్జిన్, బీ విటమిన్లు తయారయ్యేవి. వాటి పేర్లకన్నా వాటిని చేసిన తీరు ముఖ్యం. కాలేజీలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన కుర్రాడికి అప్పటిదాకా తెలిసింది గాజు ఫ్లాస్కు. ఫ్లాస్కులో రసాయన చర్య వేడి పుట్టిస్తే ఆ వేడి గోడల్లోంచి ఇట్టే బయటికి పోతుంది. అదే చర్యను వేల లీటర్ల రియాక్టర్‌లో చేస్తే లోపలి సరుకు వేల రెట్లు పెరుగుతుంది, గోడ మాత్రం ఆ లెక్కన పెరగదు. వేడి లోపలే ఉండిపోతుంది. ఫ్లాస్కులో నిమిషాల్లో పోసేసిన యాసిడ్‌ను ఇక్కడ గంటల తరబడి సన్నని ధారగా వదలాలి. తొందరపడితే మందు మాడుతుంది, ఇంకా తొందరపడితే రియాక్టరే పేలుతుంది. వడపోతలో స్ఫటికం సైజు తేడా వస్తే సెంట్రిఫ్యూజ్ మొరాయిస్తుంది. వాడిన సాల్వెంట్‌ను మళ్లీ పట్టుకోకపోతే లాభమంతా ఆవిరైపోతుంది. ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. రాత్రి షిఫ్టులో, బ్యాచ్ పాడైన మర్నాడు సీనియర్ ముందు నిలబడినప్పుడు వచ్చేవి. పాడైన బ్యాచ్ ఖర్చు సర్కారుది, నేర్చుకున్న విద్య కుర్రాడిది. దేశంలో ఏ ప్రైవేటు యజమానీ అప్పట్లో అంత ఖరీదైన చదువు చెప్పించే స్థితిలో లేడు.

ఆ కుర్రాళ్లలో అందరికీ తెలిసిన పేరు కల్లం అంజిరెడ్డి. గుంటూరు జిల్లా తాడేపల్లి పసుపు రైతు కొడుకు. బొంబాయి యూనివర్సిటీ కెమికల్ టెక్నాలజీ విభాగం (యూడీసీటీ)లో మందుల సాంకేతికం చదివి, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ పూర్తిచేసి 1969లో ఐడీపీఎల్‌లో చేరారు. 1975 దాకా అక్కడే. ఆయన అక్కడున్న కాలంలోనే 1970 పేటెంట్ల చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. దాని కింద మందు అణువుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంది. వేరే దారిలో అదే మందు చేయగలిగితే అడ్డుకునేవాడు లేడు. వేరే దారులు వెతకడమెలాగో తెలిసిన ఇంజినీర్లు బాలానగర్‌లో గుంపుగా ఉన్నారు. చట్టం తలుపు తెరిచింది, బడి అప్పటికే పిల్లల్ని తయారుచేసి ఉంచింది. హైదరాబాద్ బల్క్ డ్రగ్ (ముడిమందుల) రాజధాని అయిందంటే ఈ రెండూ ఒకే దశాబ్దంలో కలవడం వల్లే. నీళ్లు, భూములు, రాయితీలు అని చెప్పే కారణాలన్నీ వీటి తర్వాతివే.

ప్రభుత్వ సంస్థ నేర్పని పాఠాలు అంజిరెడ్డికి బయట దొరికాయి. 1976లో యూనిలాయిడ్స్, 1980లో పటాన్‌చెరులో స్టాండర్డ్ ఆర్గానిక్స్. భాగస్వాములతో కలిసి పెట్టిన ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వదిలేసి బయటికి నడిచారు. కిలో మందుకు ఎన్ని కిలోల ముడిసరుకు, ఎన్ని లీటర్ల సాల్వెంట్, ఎంత కరెంటు అన్న లెక్క ఐడీపీఎల్‌లో ఎవరో పై అధికారి ఫైల్లో ఉండేది. ఇక్కడ అది యజమాని కంటి మీద కునుకు లేకుండా చేసేది. 1984లో మూడోసారి కంపెనీ పెట్టినప్పుడు దానికి తన పేరే పెట్టుకున్నారు, డాక్టర్ రెడ్డీస్ అని. మొదటి రెండు కంపెనీల అనుభవం ఆ పేరులో ఉందని నా అనుమానం. 2001లో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. దాని ముడిమందుల ప్లాంట్లు బొల్లారంలో, అంటే జిన్నారం మండలంలో లేచాయి.

ఆ తర్వాత శిష్యులకు శిష్యులు. అంజిరెడ్డి దగ్గర కెమినార్ అనే కంపెనీలో పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ మొదలుపెట్టారు. రెడ్డీస్‌లో పరిశోధన చేసిన పార్థసారథి రెడ్డి 1993లో హెటిరో పెట్టారు. బొంతపల్లిలో హెటిరో, గడ్డపోతారంలో అరబిందో, వీటి చుట్టూ పేరు లేని చిన్న యూనిట్లు పదుల సంఖ్యలో. ఒక చోట షిఫ్ట్ కెమిస్ట్‌గా చేరినవాడు పదేళ్లకు ఇద్దరు స్నేహితులను, ఒక బ్యాంకు మేనేజర్‌ను ఒప్పించి సెకండ్ హ్యాండ్ రియాక్టర్లు కొనేవాడు. కొందరు నిలదొక్కుకున్నారు. కొందరి షెడ్లు బ్యాంకు వేలానికి వచ్చాయి. ఆ షెడ్లనే ఇంకో కెమిస్ట్ కొన్నాడు.

ఇటు ఇవన్నీ లేస్తుంటే అటు బాలానగర్‌లో బడి కూలుతోంది. కూలడం ఒక్కరోజులో జరగలేదు కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు. అమ్మకం ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, జీతాలూ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, రెంటి మధ్య తేడాను మాత్రం కంపెనీ మోయాలి. సోవియట్ యంత్రాలు పాతబడ్డాయి. కొత్త రియాక్టర్ కావాలంటే ఢిల్లీకి ఫైలు వెళ్లాలి. ఆ ఫైలు తిరిగొచ్చేలోపు బొల్లారంలో అదే మందు మూడో వంతు స్థలంలో, తక్కువ మందితో తయారై మార్కెట్లోకి వచ్చేసేది. చేసేవాడు తరచుగా ఐడీపీఎల్ మాజీ ఉద్యోగే. 1991 తర్వాత దిగుమతులు సులువయ్యాయి, ప్రభుత్వ రంగానికి కొన్ని మందులను కేటాయించిన రక్షణ కూడా కరిగిపోయింది.

మహాభారతంలో కచుడి కథ మనకు తెలిసిందే. సంజీవని విద్య కోసం శుక్రాచార్యుడి దగ్గర చేరిన కచుణ్ణి రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదను కల్లులో కలిపి గురువు చేతే తాగించారు. కడుపులో ఉన్న శిష్యుడికి గురువు మంత్రం చెప్పాడు. శిష్యుడు గురువు కడుపు చీల్చుకొని బయటికొచ్చాడు, ఆ మంత్రంతోనే చచ్చిపడ్డ గురువును బతికించాడు. ఐడీపీఎల్ కథ చీల్చుకొని రావడం దాకా అచ్చం ఇదే. ఆ తర్వాతి వాక్యం మాత్రం ఎవరూ రాయలేదు. శిష్యులను తప్పుపట్టాలని నాకు లేదు. పోటీదారుడికి కంపెనీని బతికించే బాధ్యత ఏమిటి? ఆ మంత్రం చదవాల్సింది ఐడీపీఎల్‌ను కని పోషణ మరచిన సర్కారు.

1992 ఆగస్టులో ఐడీపీఎల్‌ను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. రెండేళ్ల తర్వాత సూరత్‌లో ప్లేగు భయం పుట్టి రైళ్లన్నీ జనంతో కిక్కిరిసినప్పుడు, దేశం టెట్రాసైక్లిన్ కోసం వెతుక్కుంటే అందించిన వాళ్లలో ఈ ఖాయిలా కంపెనీ ఒకటి. ఆ ఏడాదే పునరుద్ధరణ పథకమొకటి మంజూరైంది, అనుకున్నట్టు సాగలేదు. తొంభైల రెండో సగంలో హైదరాబాద్ ప్లాంటులో ఉత్పత్తి ఆగింది. స్వచ్ఛంద విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్లినవాళ్లలో కొందరు జిన్నారం వైపు ఫ్యాక్టరీల్లోనే తమకన్నా చిన్నవాళ్ల కింద మళ్లీ షిఫ్టు డ్యూటీ చేశారు. ఇక 2016 డిసెంబరు 28న కేంద్ర మంత్రివర్గం మూసివేతకు ఆమోదం తెలిపింది. భూములమ్మి అప్పులు తీర్చాలని అందులో నిర్ణయం.

బడి కూలిన కథ ఇక్కడికి అయిపోయేదే. కానీ బడిలో చెప్పని పాఠం ఒకటుంది, దాని ఫీజు జిన్నారం కట్టింది. మందుల తయారీలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం పుడుతుందని రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో లెక్క వేశాడు. యీల్డు గురించి, సాల్వెంట్ గురించి అంత నిక్కచ్చిగా నేర్చుకున్న ఇంజినీర్ల తరానికి స్ఫటికాలను వడకట్టాక మిగిలే మదర్ లిక్కర్ చివరికి ఎక్కడికి పోతుందన్నది లెక్కలోకి రాలేదు. రాకపోవడానికి కారణం దుర్మార్గమనను. ఐడీపీఎల్ కట్టేనాటికి దేశంలో నీటి కాలుష్య చట్టమే లేదు, అది 1974లో వచ్చింది. కానీ చట్టం వచ్చాక ఏళ్లు గడిచినా తీరు మారలేదు. ఖర్చును తెలివిగా తగ్గించడం నేర్చుకున్నవాడికి అన్నిటికన్నా సులువుగా తగ్గే ఖర్చు రాత్రిపూట చెరువులోకి వదిలే నీళ్లే.

1990లో పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. కోర్టు మెదక్ జిల్లా జడ్జితో విచారణ చేయించి, పొలాలు పాడైన రైతులకు పరిహారం ఇప్పించింది. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు, సుమారు 90 కంపెనీల నీళ్లు దానికి చేరేవి. అక్కడ శుద్ధయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. రోజుకు 45 కిలోలు అలా పోతోందని అంచనా. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజుల్లో వాడేంత మందు ఒక్కరోజులో వాగు పాలు. ఆ వాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తుంది.

కాజిపల్లి చెరువు సంగతి 2014లో బయటికొచ్చింది. ఆ మట్టిలోని బ్యాక్టీరియాలో మందులకు లొంగని లక్షణం మోసే జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే 7000 రెట్లున్నాయని తేలింది. మందు తయారయ్యే చోటే మందు పనిచేయని రోగం కూడా తయారవుతోందని దాని అర్థం. మత్తడి దూకితే పండగ చేసుకున్న చెరువు అది. దాని కింద నాట్లు వేసినవాళ్లు, అందులో వల విసిరినవాళ్లు ఏ కంపెనీలోనూ షేర్‌హోల్డర్లు కారు. వాళ్ల పిల్లలు కొందరు అవే కంపెనీల్లో కాంట్రాక్టు లేబర్‌గా ఉన్నారు. ఫ్యాక్టరీ మూతపడాలని వాళ్లు గట్టిగా అనలేరు, నడవాలని సంతోషంగానూ అనలేరు.

అంజిరెడ్డి 2013 మార్చి 15న కన్నుమూశారు. భారతదేశంలో పుట్టిన కొత్త మందు ఒకటి ప్రపంచానికి ఇవ్వాలన్నది ఆయన కోరిక. రాగాగ్లిటజార్ అనే మధుమేహ మందు నోవో నార్డిస్క్ చేతికి వెళ్లి ఆశ రేపింది. 2002లో ఎలుకల్లో కణితులు కనబడటంతో పరీక్షలు ఆగిపోయాయి. ఆయన ఆత్మకథ పేరులోనే ‘అసంపూర్తి’ అన్న అర్థం ఉంది.

2020లో కరోనా వచ్చి చైనా ఓడలు ఆగినప్పుడు ప్రభుత్వానికి ఒక విషయం తెలిసొచ్చింది. పెన్సిలిన్-జి లాంటి మౌలిక ముడిసరుకు దేశంలో తయారవడం లేదు. బల్క్ డ్రగ్స్ ఇక్కడే చేసేవాళ్లకు ప్రోత్సాహకాలిస్తామని 6,940 కోట్ల పథకం ప్రకటించింది. జాబితాలో పెన్సిలిన్-జి ఉంది, టెట్రాసైక్లిన్ ఉంది. రెండూ ఒకప్పుడు ఋషీకేశ్‌లో ఐడీపీఎల్ చేసినవే. ఆ డబ్బుకు ముందుకొచ్చిన వాళ్లలో గడ్డపోతారంలో ప్లాంటు నడిపే అరబిందో ఒకటి. దాని అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర కొత్త ఫ్యాక్టరీ కట్టి 2024లో పెన్సిలిన్-జి తయారీ మొదలుపెట్టింది.