పారబోయని నీలికుండ – అద్దకపు వృత్తియు ఏటినీరును

తెలుగువారు స్వస్థలములను వీడి దూరప్రాంతములకు వెడలినపుడు పెక్కురు మగ్గమును వెంటగొని పోయిరి. షోలాపురమున పద్మశాలి కుటుంబములు నేసిన దుప్పట్లు ఆ నగరమునకే పేరు దెచ్చినవి. కర్ణాటక, తమిళనాడులలో దేవాంగుల వీథులును, ఒడిశాలోని బరంపురమున పట్టునేతయు నేటికిని మన వృత్తిచరిత్రకు సాక్ష్యములు. యానామున ఫ్రెంచివారు వర్తకస్థానమును నెలకొల్పుటకు గోదావరీతీరపు వస్త్రములును ఒక కారణము. నేతను గూర్చి మన సంచికలలో పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. నేతకు తోబుట్టువైన అద్దకమును గూర్చి వ్రాసినది తక్కువ. నేతగానికి నూలు ఎట్టిదో అద్దకపువానికి నీరు అట్టిది. ఆ నీటిని అతడు ఏటినుండి తెచ్చుకొనును. పని ముగిసిన పిదప ఏటికే విడుచును. తెచ్చిన నీటిని ఎట్లు మరల అప్పగింపవలెనను ప్రశ్నయే ఈ వృత్తి చరిత్రలో ముఖ్యమైనదని చూపుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

కోరమండల తీరపు ఎర్రరంగునకు మూలము చిరివేరు. సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు ఈ చిన్నమొక్కను విలియం రాక్స్‌బర్గు 1795లో ప్రకటించిన తన కోరమండల వృక్షగ్రంథమున వర్ణించెను. గుడ్డను మొదట పేడనీట నానవైచి, ఎండకు ఆరవేసి, చలువ చేయుదురు. పిమ్మట కరక్కాయయు పాలును కలిపిన నీట ముంచుదురు. ఎరుపు కావలసిన చోట పటికనీటిని, నలుపు కావలసిన చోట బెల్లపునీట ఇనుపముక్కలను ఊరవేసి తీసిన రసమును అద్దుదురు. తుదకు చిరివేరుతో ఉడికింతురు. పటిక తగిలిన చోటనే వేరు ఎర్రబారును. ఈ పనిలో ప్రతి మెట్టునకును పారునీట ఉతుకుట ఆవశ్యకము. అన్ని నీళ్లును ఒకే యెరుపు నీయవు. సున్నపుపాలు తగినంతగానున్న నీటిలో ఈ రంగు బాగుగ నిలుచునని నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది. ఏ రేవు నీరు ఏ రంగునకు పనికివచ్చునో ఆనాటి పనివారు అనుభవముచే నెరిగియుండిరి. కావున ఏరు చెడినచో రంగు చెడుననుట వారికి ఒకరు చెప్పవలసిన మాట కాదు.

నీలిరంగు అద్దకము మరియొక విధమైనది. నీలిమందు నీట కరగదు. సున్నమును, ఉడికించిన తగిరిస గింజలను చేర్చి కుండలో పులియనిచ్చినచో ఆకుపచ్చని ద్రవముగా మారును. అందు ముంచి తీసిన నూలు గాలి సోకగానే నీలమగును. ఇట్లు పులిసిన కుండను అద్దకపువాడు పారబోయడు. ప్రతిదినమును కలియబెట్టి, తరిగినంత నీలిమందును సున్నమును చేర్చి, నెలల తరబడి, కొన్ని యెడల ఏండ్ల తరబడి, కాపాడుకొనును. కొత్తకుండను పులియించుట కష్టము. పాతకుండను పారబోయుట నష్టము. పొదుపును, ఏటిమేలును ఇక్కడ ఒక్కటియే అయినవి.

ఇట్లనుటచే పాతకాలమంతయు పుణ్యకాలమని నా తాత్పర్యము గాదు. నీలిపంటకై వంగదేశపు రైతులు పడిన బాధలు 1859లో తిరుగుబాటుగా పరిణమించినవి. 1917లో గాంధీమహాత్ముడు చంపారనునకు పోయినదియు నీలిరైతుల కడగండ్లను చూచియే. ఆకుల నుండి, వేళ్ల నుండి తీసిన రంగులతో నేటి కోట్లకొలది ప్రజల వస్త్రములను అద్దుటయు సాధ్యము కాదు. పాతరంగులకు మరలిపొండని చెప్పుట సులభము. ఆ మాటతో కుటుంబములు బ్రతుకవు.

1856లో లండనునందు పెర్కిను అను యువకుడు తారునుండి ఊదారంగును తీసెను. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మను అను నిరువురు చిరివేరు, మంజిష్ఠల జాతికి చెందిన ఎరుపును కృత్రిమముగా నిర్మించిరి. 1897లో జర్మనీ కంపెనీయొకటి కృత్రిమ నీలిని అంగడికి తెచ్చెను. కొలది సంవత్సరములలోనే మన నీలితోటలు మూలబడినవి. 1956లో ఇంగ్లండునుండి నూలుతోనే రసాయనబంధ మేర్పరచుకొను కొత్తజాతి రంగులు వెలువడినవి. ఇవి కాంతిగలవి, ఉతుకునకు నిలుచునవి, చిన్న అద్దకశాలలో సైతము వాడదగినవి. అందుచే దేశమంతట వ్యాపించినవి.

అయితే వీనికొక గుణము కలదు. రంగు నీటిని వదలి నూలును చేరుటకు తొట్టిలో ఉప్పు విరివిగా పోయవలెను. లీటరునకు 60 గ్రాములనుకొందము. పాతరీతి తొట్టిలో కిలోబట్టకు 20 లీటర్ల నీరు పట్టినచో, ఆ కిలోబట్టకు 1,200 గ్రాముల ఉప్పు ఖర్చగును. అనగా బట్టకంటె ఉప్పే బరువు. ఆ ఉప్పులో బట్టకు అంటునది ఏమియు లేదు. అంతయు కడుగునీటితో బయటికి పోవును. రంగులోను పదింట రెండు మొదలు నాలుగు పాళ్లవరకు నూలు నంటక పోవుట సామాన్యము. సున్నమును, పటికను వేసి తేర్చినచో నీటి రంగు విరుగును గాని ఉప్పు విరుగదు. తేటగా కనబడు నీరే పొలమును చవుటిపఱ్ఱగా మార్చును.

ఈ సత్యమును నొయ్యలు నది మనకు కఠినముగా నేర్పినది. పడమటికనుమలలోని వెళ్లియంగిరి కొండలలో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరుల మీదుగా ప్రవహించి, కరూరు జిల్లాలో కావేరి గలియు చిన్నయేరిది. ఆ సీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబము లనేకము. వారిలో సేద్యము చేయువారును గలరు, నూలుమిల్లులు, బనియను కర్మాగారములు నడుపువారును గలరు. తిరుప్పూరు బనియన్లు విదేశములకు ఎగుమతి యగుట హెచ్చినకొలది ఏటియొడ్డున అద్దకశాలలును చలువశాలలును వందలుగా వెలసినవి. వానిలో పెక్కు చిన్నవి. 1992లో తిరుప్పూరునకు దిగువ ఒరత్తుపాళయమున సాగునీటికై ఆనకట్ట కట్టిరి. అందు నిలిచినది వాననీటితో కలిసిన అద్దకపు ఉప్పునీరు. కొన్నాళ్లకు ఆయకట్టు రైతులే ఆ నీటిని విడువవలదని ప్రాధేయపడవలసి వచ్చినది. నీటికై కట్టిన కట్టనుండి నీరు వద్దని రైతు కోరుట కంటె విషాదమేమి గలదు? చేలును, తోటలును, బావులును ఉప్పుబారినవి.

రైతులు న్యాయస్థానముల నాశ్రయించిరి. ఉమ్మడి శుద్ధిశాలలు కొన్ని కట్టబడినను అవి రంగును తేర్చినవే గాని ఉప్పును తీయలేకపోయినవి. అంతకు మునుపే, 1996లో, పాలారు తీరపు తోళ్లశాలల వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెరచినవాడే పరిహారము చెల్లింపవలెనను సూత్రమును ప్రకటించియుండెను. 2006 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, తిరుప్పూరు అద్దకశాలలు ఒక్కచుక్క మురుగునైనను వెలుపలికి విడువరాదని గడువు విధించెను. 2009లో సుప్రీంకోర్టు ఆ తీర్పును బలపరచెను. గడువులు గడచినను పని పూర్తికాలేదు. 2011 జనవరి 28న హైకోర్టు అద్దకశాలల నన్నిటిని మూసివేయుడని యాజ్ఞాపించెను. 700కు పైగా శాలలు మూతబడినవి. వేలాది కూలీల కుటుంబములకు పని కరవైనది. ఎగువవాని వృత్తియు, దిగువవాని సేద్యమును రెండును ఒకే యేటిలో మునిగినవి.

తరువాత జరిగినది గమనింపదగినది. రాష్ట్రప్రభుత్వము వడ్డీలేని ఋణ మొసగినది. శాలలు కూటములుగా జేరి ఉమ్మడి శుద్ధిశాలలను పునర్నిర్మించుకొన్నవి. అందు మురుగును మొదట సూక్ష్మజీవులచే శుద్ధిచేయుదురు. పిదప మిక్కిలి సన్నని పొరలగుండ ఒత్తిడితో పంపి, మంచినీటిని వేరుచేసి మరల అద్దకశాలలకే యిత్తురు. మిగిలిన చిక్కని ఉప్పునీటిలో కొంత తేర్చి తొట్టిలోనే తిరిగి వాడుదురు. కొంత కాచి ఉప్పు తీయుదురు. వాడిన నీటిలో నూటికి 90 పాళ్లకు పైగా ఇట్లు మరలివచ్చును. సూక్ష్మముగా చూచినచో ఇది పాత నీలికుండ ధర్మమే. తరిగినంత చేర్చుకొనుట, ఉన్నదానిని పారబోయకుండుట. ఒక యింటి కుండ చేసిన పనిని నేడు నూరు శాలలు కలిసి ఒక యంత్రాగారముచే చేయుచున్నవి.

ఇందు లోపములు లేకపోలేదు. ఉప్పునీటిని కాచుటకు కట్టెలు, విద్యుత్తు విశేషముగా ఖర్చగును. తుదకు మిగులు కలగలుపు ఉప్పును, బురదను ఎక్కడ వేయవలెనను చిక్కు పూర్తిగా తీరలేదు. కావున శుద్ధిశాల కంటె ముందే, తొట్టివద్దనే, జాగ్రత్తపడుట లాభకరము. మొదటి జాగ్రత్త కొలత. కిలోబట్టకు 20 లీటర్లు పట్టు తొట్టికి మారుగా 6 లీటర్లతో సరిపుచ్చు యంత్రమును వాడినచో, మునుపటి లెక్క ప్రకారమే ఉప్పు 1,200 గ్రాములనుండి 360 గ్రాములకు తగ్గును. నీరును, కాచు కట్టెలును అదే పాలున తగ్గును. కొత్తయంత్రము కొనలేనివారు రంగును, ఉప్పును అందాజున గాక తూచి వేయవచ్చును. లేతరంగులను ముందును, ముదురురంగులను పిదపను అద్దినచో నడుమ తొట్టిని కడుగు నీరు మిగులును. కడపటి కడుగునీటిని మరుసటి బట్టకు తొలి కడుగునీరుగా వాడుకొనవచ్చును. తక్కువ ఉప్పుతో పట్టు రంగులును అంగడిలో కలవు. వీనిలో ఏదియు దానధర్మము గాదు; ప్రతిదియు జమాఖర్చుల పుస్తకమున జమపక్కన చేరునదే.

అయినను చిన్న అద్దకశాల ఒంటరిగా ఎంత పొదుపు చేసినను తుదిమురుగును తానొక్కటియే శుద్ధిచేసికొనజాలదు. ఒక్కకుటుంబపు శక్తికి మించిన ఖర్చది. నొయ్యలు చరిత్రలో నాకు తోచిన ముఖ్యమైన పాఠమిది. చట్టము వచ్చి మూయించునంతవరకు ఎవరికి వారుగా నుండిరి. మూతబడిన పిదప కలిసిరి. ముందే కలిసియున్నచో రైతుల పొలములును, కూలీల దినములును కొంతవరకైన దక్కియుండెడివి.

మన సంఘములకు ఈ విషయమున ప్రత్యేకమైన అనుకూలత యున్నది. పరాయినేలపై స్థిరపడిన నాటినుండి పెండ్లికి, చదువునకు, దేవాలయమునకు ఉమ్మడినిధి పెట్టుకొని బ్రతుకుట మనకు అలవాటు. షోలాపురమువంటి వర్షాభావపు నగరమున, భీమానదిపై ఉజ్జని జలాశయమే ఆధారమైన చోట, అద్దకపునీటి ప్రశ్న రేపటిది గాదు, నేటిదే. వసతిగృహమునకు చందా వసూలు చేయు చేతులే ఒక వీథి అద్దకశాలలకన్నిటికి ఉమ్మడి శుద్ధితొట్టిని, నీటి పరీక్షకు తగిన యువకుని చదువును సమకూర్చవచ్చును.

మన పూర్వులు ఈ నేలకు వచ్చినపుడు ఇక్కడి ప్రజలు వారికి చోటిచ్చిరి, ఇక్కడి ఏళ్లు నీరిచ్చినవి. ఆ ఏటి దిగువన మనతోపాటు కన్నడిగులు, తమిళులు, మహారాష్ట్రులు, ఉత్కళులు సేద్యము చేయుచున్నారు. మన శాలనుండి వెడలు నీరు వారి పొలమునకు పోవునను సంగతి మరువకుండుట మన వృత్తికి మర్యాద. నీలికుండను పారబోయని నేర్పు మనకు పెద్దలిచ్చిన ఆస్తి. దానిని నేటి తొట్టికి నేర్పవలసిన భారము మనది.