సభ నుంచి వస్తువు దాకా

ఇంగ్లీషులో 'థింగ్' అంటే నేడు వస్తువు. వెనకటి జర్మానిక్ తెగల నోట అదే మాటకు అర్థం సభ. స్వతంత్రులైన పురుషులు ఒకచోట చేరి తగవులు తీర్చుకుని, కట్టుబాట్లు నిర్ణయించుకునే కూటమి అది. దీని చుట్టమైన గోథిక్ మాట 'థీహ్స్'కు అర్థం కాలం. అందువల్ల ఈ పదం మొదట 'పెట్టుకున్న గడువు' అనీ, తర్వాత ఆ గడువుకు జరిగే సభ అనీ అర్థమిచ్చిందని భాషావేత్తలు భావిస్తారు.

బ్రిటన్‌లోని హేడ్రియన్ గోడ దగ్గర, హౌస్‌స్టెడ్స్ కోటలో, రోమన్ సైన్యంలో పనిచేసిన ఫ్రీసియన్లు 3వ శతాబ్దంలో 'మార్స్ థింగ్సస్' పేరిట బలిపీఠం నిలిపారు. సభలను కాచే దేవుడని ఆ పేరుకు అర్థం చెబుతారు. మంగళవారానికి జర్మన్లు 'దీన్స్‌టాగ్' అనడం ఈ పేరు వల్లనేనని ఎక్కువమంది అభిప్రాయం. 7వ శతాబ్దంలో కెంట్ రాజులు హ్లోథర్, ఈడ్రిక్ చేసిన శాసనాల్లోనూ 'థింగ్' అంటే సభే.

సభ అన్నాక అక్కడ తేలవలసిన వ్యాజ్యం ఉంటుంది. పేరు సభ నుంచి వ్యాజ్యానికి, దాని నుంచి ఏ వ్యవహారానికైనా, చివరికి ఏ వస్తువుకైనా పాకింది. లాటిన్‌లో వ్యాజ్యమని కూడా అర్థమున్న 'కౌసా' ఫ్రెంచిలో 'షోజ్', ఇటాలియన్‌లో 'కోజా' అయి వస్తువును సూచించడం ఇలాంటిదే. సంస్కృతంలో కలయిక అనే అర్థమున్న 'సంగతి' తెలుగులో విషయంగా స్థిరపడింది.

జర్మన్‌లో 'దింగ్' వస్తువుగానే మిగిలినా, పాత అర్థం 'ఫెర్టైడిగెన్' అనే క్రియలో దాగి ఉంది. రక్షించడం, వాదించడం అనే ఆ మాటకు మూలం, నియమిత దినాన జరిగే న్యాయసభను చెప్పే 'తాగెదింగ్'.

పాత అర్థం చెక్కుచెదరకుండా నిలిచింది ఉత్తరాదిన. ఐస్‌లాండ్‌లో 930లో థింగ్‌వెట్లిర్ మైదానంలో 'ఆల్థింగ్' మొదలైంది. రాత లేని ఆ రోజుల్లో చట్టం చెప్పే అధికారి ఏటా మూడోవంతు చొప్పున, మూడేళ్లలో చట్టమంతా సభకు అప్పజెప్పేవాడు. 1800లో రద్దయిన ఆల్థింగ్ 1845లో రేక్యవిక్‌లో తిరిగి కొలువుదీరింది. నార్వే పార్లమెంటు 'స్టోర్టింగ్' 1814 నాటిది, డెన్మార్క్ 'ఫోల్కెటింగ్' 1849 నాటిది. ఐల్ ఆఫ్ మాన్ చట్టసభ 'టిన్‌వల్డ్' పేరుకూ మూలం 'సభా మైదానం' అనే నార్స్ మాటే. స్వీడన్‌లో జిల్లా న్యాయస్థానం 'టింగ్స్‌రెట్'.

డేనిష్‌లో రెండు అర్థాలూ నేటికీ పక్కపక్కనే ఉన్నాయి. తేడా వ్యాకరణ లింగంలోనే: 'ఎన్ టింగ్' అంటే వస్తువు, 'ఎట్ టింగ్' అంటే సభ.