పుల్లగా ఉంటేనే లోపలికి

గ్లవుజులు వేసుకోండి. ఎదుటి బీకరులో ఉన్నవి లోహాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు. కుళాయి నీళ్లు పనికిరావు. లేశమాత్రం రాగి, ఇనుము తగిలినా విటమిన్ సి గబగబా ఆక్సిజన్‌తో కలిసి చెడిపోతుంది. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే పట్టి ఉంచడానికి చిటికెడు ఈడీటీఏ కూడా వేశారు. సన్నటి గొట్టంలోంచి నైట్రోజన్ బుడబుడమంటూ, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను తరిమేస్తోంది.

ఇప్పుడు నూటికి 15 గ్రాముల లెక్కన తెల్లటి విటమిన్ సి పొడి వేయండి. బీకరు పట్టుకుని చూడండి, చల్లబడింది! కరుగుతూ ఈ పొడి నీళ్లలోని వేడిని లాక్కుంటుంది.

పీహెచ్ మీటరు 2 దగ్గర నిలిచింది. ఇది ముఖానికి రాస్తే భగ్గుమంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కో చుక్కా వేయండి. 3 దాటాక చెయ్యి ఆపండి, 3.5 దాకా పోనివ్వకండి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు షెల్డన్ పిన్నెల్ బృందం పంది చర్మంపై పరీక్షించి 2001లో చెప్పింది ఇదే: పీహెచ్ 3.5 లోపు ఉంటేనే విటమిన్ సి లోపలికి దిగుతుంది, గాఢత 20 శాతం మించితే అదనపు లాభం లేదు. మంట పెట్టని, త్వరగా చెడని మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అనే విటమిన్ సి రూపాన్ని కూడా వాళ్లు పూసి చూశారు. చర్మంలో విటమిన్ సి పెరగలేదు. సీసాలో భద్రంగా ఉండి ఒంట్లోకి పోనిది అమ్మేవాడికే మేలని నా అభిప్రాయం.

పక్క బీకరులో అర శాతం ఫెరూలిక్ ఆమ్లం. మన వరి తవుడులో ఉండేదే. నీళ్లలో సరిగా కరగదు కనుక వేరే ద్రావకంలో కరిగించి, ఒక శాతం విటమిన్ ఇతో పాటు ఇందులో కలపాలి. 2005లో అదే బృందం ఫెరూలిక్ ఆమ్లం చేర్చి చూస్తే ద్రావణం నిలకడ పెరిగింది. పంది చర్మానికి ఎండ దెబ్బ నుంచి రక్షణ నాలుగింతల నుంచి ఎనిమిదింతలయింది.

ముదురు రంగు సీసాలో అంచుదాకా నింపి బిగించండి. ఒక్క చుక్క చెంపకు రాయండి. చురుక్కుమందా? ఆ చుక్క వెంటే దిగండి. ముందుగా అడ్డొచ్చేది మృతకణాల పొర. తాటాకు కప్పులా ఒకదానిమీదొకటి పేర్చిన పలుచని పొలుసులు, సందుల్లో కొవ్వు. విద్యుదావేశం ఉన్న అణువును ఆ కొవ్వు రానివ్వదు. పీహెచ్ 4.2 దగ్గర సగం అణువులకు ఆవేశం ఉంటుంది. 3 దగ్గరైతే నూటికి 94 ఆవేశం లేనివే. దూరేది వాటిలోంచే, అదీ కొద్దిగానే. మిగతాది పైనే ఉండి గాలికి చెడిపోతుంది.

పిన్నెల్ లెక్కలో రోజూ రాస్తే మూడు రోజులకే చర్మం నిండిపోతుంది. మానేశాక సగం తగ్గడానికి దాదాపు నాలుగు రోజులు. కాబట్టి మధ్యాహ్నం ముఖం కడిగారని మళ్లీ సీసా తీయక్కర్లేదు.