నిజామాబాద్ నుంచి దుబాయ్, జెద్దా ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు పడుతుంది?

నిజామాబాద్: గల్ఫ్‌కు పోయేవాళ్లకు టికెట్ మీద కనిపించే గంటలు వేరు, ఇంటి నుంచి లెక్కేస్తే వచ్చే గంటలు వేరు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి దుబాయ్‌కి ఆకాశ మార్గంలో దాదాపు 2,550 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానానికి సుమారు 3 గంటల 50 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు అరగంట వరకు తగ్గవచ్చు. పైన గాలులు, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి కాబట్టి. జెద్దాకు దాదాపు 4,130 కిలోమీటర్లు, ఐదున్నర నుంచి ఆరు గంటలు. ఈ విమానం జెద్దాలో దిగకముందే మీఖాత్ దాటుతుంది. అందుకే నేరుగా ఉమ్రాకు పోయేవాళ్లు ఇహ్రామ్ శంషాబాద్‌లోనే కట్టుకుంటే తిప్పలు ఉండవు.

టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి 6.20కి దుబాయ్‌లో దిగుతారని రాసి ఉంటే, ప్రయాణం రెండు గంటలే అనుకోవద్దు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక.

ఇక రోడ్డు. జిల్లాలో ఎయిర్‌పోర్టు లేదు, జక్రాన్‌పల్లి ప్రతిపాదన ఏళ్లుగా వినబడుతూనే ఉంది. డిచ్‌పల్లి దగ్గర 44వ నంబర్ హైవే ఎక్కి కామారెడ్డి, మేడ్చల్, అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కు సుమారు 200 కిలోమీటర్లు, నాలుగు గంటలు. బోధన్ వాళ్లు ఇంకో ముప్పావు గంట కలుపుకోవాలి. మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలంటే ఆ 4 గంటల ఫ్లైట్‌కు బోధన్‌లో రాత్రి 8కే బయల్దేరాలి. మొత్తం పన్నెండు గంటల ప్రయాణంలో విమానం ఎగిరేది నాలుగు గంటలు కూడా కాదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. గల్ఫ్ బాట మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది. కొడుకో అన్నదమ్ముడో అక్కడ ఉన్న ఇళ్లకు ఈ లెక్క ఎక్కువగా అవసరమయ్యేది మౌత్ అయిన రోజునే. సాయంత్రం 5కు బోధన్‌లో తండ్రి చనిపోతే దుబాయ్‌లో అప్పుడు మూడున్నర. సెలవు, టికెట్ దొరికి రాత్రి 10 గంటల ఫ్లైట్ ఎక్కితే మన టైమ్ ప్రకారం 3 గంటలకు శంషాబాద్‌లో దిగుతాడు. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి 4. ఇల్లు చేరేసరికి ఉదయం 9 అవుతుంది. జనాజా నమాజ్ జొహర్ తర్వాత పెట్టుకుంటే ఆఖరి చూపు దక్కుతుంది, ఫజర్‌కే పెడితే దక్కదు. చేతిసంచితోనే వస్తే సామాను కోసం ఆగే పని తప్పుతుంది. మధ్యలో ఇంకో ఊళ్లో ఆగే టికెట్ చవకగా దొరికినా ఈ సందర్భంలో పనికిరాదు, అక్కడ వేచి ఉండేదే కొన్ని గంటలు అవుతుంది.

సౌదీలో ఉన్నవాళ్లు తిరిగి డ్యూటీకి పోవాలంటే ముందు ఎగ్జిట్ రీఎంట్రీ వీసా తీసుకోవాలి. దానికి పట్టే టైమ్ ఈ లెక్కలో లేదు. అది చేతికొచ్చిందని ఫోన్ వచ్చాకే ఇంట్లోవాళ్లు కబ్రస్తాన్‌లో టైమ్ చెప్పడం మంచిది.