గుజరాతీ గల్లీ సౌండు

కోఠీ చరిత్ర అనగానే అందరూ బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ దగ్గరే ఆగిపోతారు. మాది ఆ గేటు బయటి చరిత్ర. రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ రెసిడెంటు చేతికింద ఉండేవి. ఆ అండ చూసుకునే సాహుకార్లు, వర్తకులు ఇక్కడ కుదురుకున్నారు. నిజాముకు తిరిగి అప్పజెప్పాక సుల్తాన్ బజార్ అన్నారు. మా తరానికి మాత్రం కోఠీ అంటే గుజరాతీ గల్లీ: ఐసీలు, ట్రాన్స్‌ఫార్మర్లు, దండలుగా వేలాడే వైర్లు, గుట్టలుగా స్పీకర్లు.

సొంతంగా సెట్టు కట్టుకునేవాడికి గల్లీలో దొరికేవి ముక్కలే. ఆంప్లిఫయర్ బోర్డు ఒక కొట్లో, ఊఫరు ఇంకో కొట్లో. డబ్బా వడ్రంగి దగ్గర. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. జత కుదుర్చుకోవాల్సింది కొనేవాడే.

బోర్డుకూ స్పీకరుకూ జత కుదర్చడం గల్లీకి బాగానే తెలుసు. "ఎన్ని ఓమ్స్ భాయ్?" అన్నాకే బేరం. టీడీఏ 2030 ఐసీకి 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చి 4 ఓంల స్పీకరు తగిలిస్తే ఇంచుమించు 14 వాట్లు వస్తాయి, గదికి చాలు. 8 ఓంలవి రెండు ప్యారలల్‌గా కలిపితే 4 అవుతాయి, భయం లేదు. 4 ఓంలవి రెండు అలా కలిపితే 2 అవుతాయి. కరెంటు లాగలేక ఐసీ కాలిపోతూ మూగబోతుంది. 8 ఓంల ట్వీటరుకు వరసలో 4.7 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటర్ పెడితే సుమారు 4,200 హెర్ట్జ్ కింద ఉన్న బరువు దాని మీద పడకుండా తగ్గుతుంది. (అట్టపెట్టెల మీద వేలల్లో అచ్చేసే పీఎంపీవో వాట్లను మాత్రం లెక్కలోకి తీసుకోకండి.)

తేడా వచ్చేదల్లా డబ్బా దగ్గరే. మిగిలిన ప్లైవుడ్ ఎంతుంటే డబ్బా అంత. కారు వెనక అద్దం కింద పెట్టే 6x9 స్పీకర్లను అందరూ ఇలాగే బిగించారు. వాటికి డిక్కీ అంతా వెనకగాలి ఉంటుందన్న లెక్కతో చేస్తారు. ఇరుకు డబ్బాలో మూసేస్తే లోపలి గాలి స్ప్రింగులా కోన్‌ని వెనక్కి నెడుతుంది. ఏ పాట పెట్టినా ఒకటే 'ధుమ్'.

ఏ స్పీకరుకు ఎంత డబ్బా కావాలో లెక్క ఉంది. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని పక్కాగా తేల్చారు. స్పీకరు సస్పెన్షన్ బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుకు సమానమో దాన్ని వ్యాస్ అంటారు. మూసిన డబ్బా సరిగ్గా అన్ని లీటర్లే ఉంటే, 50 హెర్ట్జ్ దగ్గర ఊగే కోన్ 70కి ఎక్కి కూర్చుంటుంది. ఆ కింద బాస్ జారిపోతుంది. వ్యాస్ అంకె కొట్లో దొరకదు. కంపెనీ డేటాషీట్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఇంట్లో కొలుచుకోవాల్సిందే.

ఇప్పుడు క్లాస్ డి బోర్డులు వచ్చాయి. అరచేతిలో పట్టే బోర్డుకి పాత ల్యాప్‌టాప్ అడాప్టరు చాలు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌తో పనే లేదు. 20 లీటర్లు అడిగే ఊఫరు మాత్రం ఇప్పటికీ 20 లీటర్లే అడుగుతోంది. అద్దె గదుల కుర్రాళ్లు ఆ డబ్బాను మంచం కిందికి తోస్తున్నారు.