దుర్గాబాయమ్మ వకాల్తా



మా పెదకాకానిలో బాజీ బాబా దర్గాకు నాలుగడుగుల దూరంలో మా ఖాలా ఇల్లు. కొన్నేళ్ల కిందట ఓ జుమ్మా రోజు నమాజు ముగించుకుని వెళితే, ఆమె ఓ కవరు నా చేతిలో పెట్టింది. "బేటా, అదాలత్ కాగితమంట. పోస్టుమాన్ సంతకం చేయించుకుని ఇచ్చిపోయాడు. కాస్త చదివి చెప్పు" అంది.

చదివాను. కూతురు కాపురానికి రావడం లేదని అల్లుడు వేసిన దావా అది. హాజరు కావాల్సిన తారీఖు దాటి అప్పటికే పదకొండు రోజులైంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. నికాహ్‌నామా ఉర్దూలో ఉంది. మిర్చి తొడిమలు తీసే ఆ పిల్ల చదివింది తెలుగులో ఏడో తరగతి. మూడు జబాన్ల మధ్య ఆమె జిందగీ ఇరుక్కుపోయింది.

ఆ రాత్రి నాకు ఆంధ్ర దేశపు ఒక వకీలమ్మ యాదికొచ్చింది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. మన ఇళ్లలో ఆమె పేరు పెద్దగా వినపడదు. వినపడాలి. ఎందుకో చెబుతాను.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టిందామె. ఎనిమిదేళ్లకే షాదీ చేసేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకుని బయటికొచ్చింది. 1921లో గాంధీజీ కాకినాడకు వస్తున్నారని తెలిసి, అక్కడి దేవదాసీలు, పర్దాలో ఉండే ముస్లిం ఖవాతీన్ ఆయన్ని కలవాలని పట్టుబట్టింది. ఐదు వేల రూపాయలు విరాళమిస్తే చూద్దామన్నారు పెద్దలు. పన్నెండేళ్లయినా సరిగా నిండని ఆ పిల్ల పైసా పైసా పోగు చేసి తెచ్చింది. ములాఖాత్ జరిగింది. గుమ్మం దాటని మన అమ్మీలను, సమాజం గుమ్మం తొక్కనివ్వని దేవదాసీలను ఒకే చోట కూర్చోబెట్టిన పిల్ల అది.

తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో ఖైదుకు వెళ్లింది. వెల్లూరు, మధుర జైళ్లలో ఆమెకు సాటి ఖైదీ ఆడవాళ్లు కనపడ్డారు. తమ మీద ఏ ఇల్జామ్ ఉందో, అదాలత్‌లో ఏం జవాబు చెప్పుకోవాలో తెలియక శిక్ష పడినవాళ్లు వాళ్లలో ఉన్నారు. లా చదవాలన్న ఇరాదా అక్కడే పుట్టింది. బయటికొచ్చి బెనారస్ మెట్రిక్ నుంచి మొదలుపెట్టి చదువుకుంది. మధ్యలోనే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుని క్రిమినల్ కేసులు వాదించే వకీలుగా నిలబడింది.

కాని ఒక్కో కేసూ గెలిచి ఒక్కో మనిషిని విడిపించడంతో ఆమె దిల్ నిండలేదు. కానూన్ అనేది అమ్మలకు అందేదిగా ఉండాలనుకుంది. "ఆంధ్ర మహిళ" పత్రిక నడిపింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. అక్కడ జాతీయ భాష మీద బహస్ జరిగినప్పుడు హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీ వైపు మాట్లాడింది. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత ఖుషీ అయ్యానో చెప్పలేను.

1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసింది. తిరిగొచ్చాక బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ ఎం.సి. చాగ్లాతో, జస్టిస్ గజేంద్రగడ్కర్‌తో, నెహ్రూతో మాట్లాడింది. మియా బీవీల తగాదాను దొంగతనం కేసులా నడపకూడదని, దానికి వేరే అదాలత్ కావాలని ఆమె మాట. 1981 మే 9న ఆమె కన్నుమూసింది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. తాను అడిగింది కళ్లారా చూసుకోలేదు.

ఆ చట్టంలో ఏముందో మన ఆడబిడ్డలకు చెప్పేవాళ్లు తక్కువ. అక్కడ ముందు సులహ్ కోసం ప్రయత్నించడం జడ్జి మీద ఉన్న ఫర్జ్. వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. నలుగురిలో మాట్లాడలేమంటే తలుపులు మూసి విచారించమని అడగొచ్చు. ఆ విన్నపాన్ని కోర్టు మన్నించాలి. పర్దా పాటించే బీబీకి ఇది చిన్న సంగతా? ఇక వకీలు కావాలంటే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆమదనీతో పని లేకుండా ఏ మహిళకైనా ముఫ్త్‌గా ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మన షరియత్ ప్రకారం ఉన్న హక్కులకూ చట్టం తోడుంది. శోహర్ రెండేళ్లు నఫఖా ఇవ్వకపోయినా, నాలుగేళ్లు జాడ లేకపోయినా నికాహ్ రద్దు అడిగే హక్కు 1939 చట్టం ఇచ్చింది. తలాక్ అయిన ముస్లిం మహిళ కూడా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడగొచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వెళ్లింది మన పక్కనున్న తెలంగాణ నుంచే.

ఒక్క విషయం ఆలోచించండి. వకీలు, వకాల్తా, దావా, వాయిదా, హాజరు, జప్తు, జామీను, దస్తావేజు, అర్జీ... తెలుగు కోర్టుల్లో తిరిగే ఈ మాటలన్నీ మన దాదీల ఉర్దూ మాటలే. మన జబాన్ ఆ గుమ్మం లోపల రెండు మూడు వందల ఏళ్లుగా కూర్చుని ఉంది. మనం మాత్రం గుమ్మం బయట కవరు పట్టుకుని వణుకుతున్నాం.

ఖాలా కూతురి కథ చెప్పి ముగిస్తాను. సోమవారం పొద్దున్నే ముగ్గురం గుంటూరు వెళ్లాం. ఆమె రాలేదు కాబట్టి కేసు ఏకపక్షంగా పెట్టేశారు. ముఫ్త్ వకీలు దొరికాడు, అర్జీ పెట్టాడు, ఆమె మాట కూడా వింటామన్నారు. ఆ తర్వాత ఏమైందన్నది వాళ్ల ఇంటి సంగతి. నేను చెప్పను. తర్వాతి వాయిదాకు మాత్రం ఆ పిల్ల నన్ను రమ్మనలేదు. తారీఖు తెలుగులో చీటీ మీద రాసుకుని, బురఖా జేబులో పెట్టుకుని, బస్సెక్కి తానే వెళ్లింది.

మీ ఇంట్లో నికాహ్‌నామా ఎక్కడుందో ఈ రాత్రికి వెతకండి. మెహర్ ఎంత రాశారో, అందులో అప్పుడే ఇచ్చింది ఎంతో, తర్వాత ఇస్తామన్నది ఎంతో మీ బేటీకి తెలుగులో చదివి వినిపించండి. కవరు వచ్చేదాకా ఆగకండి.

ఖుదా హాఫిజ్.